తిరుగు టపా

పార్సిలు చేతిల పట్టంగనే నాకు తెలుస్తది.
ఇరువై రెండేండ్ల సంది సంచి మోస్తున్న భుజం ఇది.
పెండ్లిపత్రిక బరువు వేరు, కోర్టు నోటీసు బరువు వేరు.
గోధుమరంగు టేపు మూడు చుట్లు చుట్టి
పైన పద్దెనిమిది వందల యాభై అని రాసి
లోపల ఏమీ లేనిదాని బరువు
ఇంకా వేరు.

గని చెప్పొద్దు. రూలు.
పైసలు తీస్కోవాలె, సంతకం పెట్టియ్యాలె, ముద్ర కొట్టాలె.
పైసలు ముట్టేదాక ఇప్పి చూడనియ్యొద్దు.

మొదటిసారి ఈదమ్మ కొంగుముడి ఇప్పింది.
నూర్లు, యాభైలు, పది నోట్లు సుత,
బత్తాయి వాసన కొట్టే నోట్లు.
చండూరు అవుతల తోటల్ల ఆమె పని
కాయ ఏరుడు, గ్రేడు చేసుడు, డబ్బాలకెత్తుడు.
ఈ నేల నీళ్లు తాగిన మోకాళ్లు ఆమెవి,
కూసుంటే లేవయి, లేస్తే కూసోవు.

ఫోన్ల పిలగాడు మస్తు మర్యాదస్తుడట.
“అమ్మగారూ, నొప్పి ఎడమ కాలికాండీ, కుడి కాలికాండీ?”
అని అడిగిండట.
ఇప్పటిదాక ఏ డాక్టరూ అడగని ముచ్చట అది.
“పదకొండు వేల బెల్టండీ,
లక్కీ డ్రాలో మీ నంబరొచ్చిందండీ,
ఐదు నిమిషాలే టైమండీ”
ఆ అండీల నడుమ
ఆలోచన జొర్రేటంత సందు దొరకలేదట ఆమెకు.

నేను ముద్ర కొట్టిన. టప్.

బెల్టంటే ఇంత రబ్బరు పట్టీ.
రెండు అయస్కాంతం బిళ్లలు కుట్టి ఉన్నయి.
మూడోనాడు మనుమడు వాటిని పీకి దారానికి కట్టి
బస్టాండు తొవ్వల ఇనుప మొలలు ఏరుకుంట తిరిగిండు.
ఫోన్ చేస్తే, ఈ నంబరు ఉపయోగంలో లేదు.
“మొన్న నా కాళ్ల గురించి అడిగిన నంబరేనా ఇది?” అన్నది ఈదమ్మ.
ఫిర్యాదుల నంబరుకు నేనే చేసిచ్చిన.
బిల్లున్నదా అన్నరు. కంపెనీ అడ్రసన్నరు. పేరన్నరు.
అట్ట మీద చదవొచ్చిన పేరు ఒక్కటే, ఈదమ్మది.
చదవొచ్చిన ముద్ర ఒక్కటే, నాది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే అబద్ధం.
పట్టింది.
తెల్లారి హెడ్డాఫీసుల లెక్క అప్పజెప్పంగ మాత్రం
క్లర్కు అన్నడు, ఏందివయ్యా, నోట్లు బత్తాయి వాసన?

నెల గడిచింది. మళ్ల అదే టేపు.
ఈసారి నూనె సీసాలట,
బెల్టు కొన్నోళ్లకు మాత్రమేనట.
ఆమె సరె అనలేదట, “చూస్త” అన్నదట.
చూస్త అన్న మాట
అక్కడ వాళ్ల కాయితంల ఆర్డరైతది.

గడపల నిలబడ్డ. రూలు యాదికున్నది.
నోరు మూస్కొని పార్సిలు చాపిన.
ఈదమ్మ కొంగుముడి దిక్కు పోలేదు.
పార్సిలును ఎడమ అరచేతిల పెట్టి రెండుసార్లు ఎగరేసింది,
బొటనవేలుతోని మూల మీద ఒత్తింది,
జరంత సేపు కండ్లు మూసింది.
రోజుకు నాలుగు వేల కాయ
ఆ చెయ్యి కిందికెల్లి పోతది.
తొక్క మెరిసి లోపట బెండైనదాన్ని
కొయ్యకుండనే అవుతల పారేసే చెయ్యి.

“పోస్టయ్యా, ఇది గుల్లకాయ. తీస్కపో.”

ఎర్రపెన్ను తీసిన.
“ఏం రాస్తున్నవ్?”
“నువ్వు వద్దన్నవని.”
“గంతేనా? జర పెద్దగ రాయి,
వానికి కండ్లు ఆనుతయో లేదో.”

సంచిల ఇంకా మూడున్నయి అదే టేపువి.
ఒకటి గొర్ల బిచ్చపతిది.
ఒకటి అంగన్‌వాడీ ఆయాది.
ఒకటి, చెప్పుడుకు సిగ్గు,
నా పేరు మీదనే.

భుజం నొప్పికి.
ఎడమదాండీ, కుడిదాండీ అని
మర్యాదగ అడిగిండు మరి.